సంఘసేవకు డిగ్రీ ఎందుకు?

(శతవార్షికోత్సవ సభలో సోషల్ వర్క్ విద్యార్థుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మేము మన సంఘముల నుండి వెళ్ళి యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివినవారము, చదువుచున్నవారము. ఇక్కడ నిలబడి మాట్లాడుచున్నది ఒక్కరే అయినా మాటలు మా అందరివి.

మొదట ఒక చిక్కు విప్పవలెను. సోషల్ వర్క్ అనే మాటకు పత్రికలవారు చాలాకాలము సంఘసేవ అని తెలుగు చేసినారు. సంఘమంటే బయటివారికి సమాజము. మనకేమో గుడి, గుడిలోని జనము. కనుక మాలో ఒకరు సంఘసేవ చదువుటకు విశాఖపట్నము వెళ్ళుచున్నానని చెప్పగానే పక్కింటి పెద్దమ్మగారు, పిల్లవాడు గురువు కాబోవుచున్నాడనుకొని చేతులు పట్టుకొని ప్రార్థన చేసినారు. సంగతి తెలిసిన తరువాత, "అయితే ఉద్యోగమేమి వస్తుంది నాయనా?" అని అడిగినారు. యూనివర్సిటీ పుస్తకాలలో ఇప్పుడు సమాజ కార్యము అంటున్నారు. మేము నలుగురికీ తెలిసిన సోషల్ వర్క్ అనే మాటనే వాడతాము.

పెద్దమ్మగారి ప్రశ్నకు తరువాత వస్తాము. అంతకంటె బరువైన ప్రశ్న సంఘ పెద్దలొకరు వేసినారు. "మా అమ్మ ఏ డిగ్రీ చదివి ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినది? మంచి చేయుటకు యూనివర్సిటీ ఎందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అన్నము పెట్టుటకు డిగ్రీ అక్కరలేదు. అయితే ఆ మనిషే వచ్చే వారము, ఆపై వారము కూడా అదే గుమ్మము ముందు నిలబడితే ఏమి చేయవలెను? అతని ఇంట్లో ఏమి జరుగుచున్నది? అతనికి రావలసినది ఎక్కడ ఆగినది? మనము పెట్టే అన్నము అతనిని నిలబెట్టుచున్నదా, వంచుచున్నదా? ఈ చదువు అక్కడ మొదలవుతుంది.

ఈ చదువు పుట్టుకలో దైవసేవకుల చేతులు చాలా ఉన్నవి. లండను నగరపు తూర్పు పేటలలో 1884లో టాయన్బీ హాలు స్థాపించిన శామ్యూల్ బార్నెట్ ఆ పేటలోని గుడికి గురువు. చదువుకొన్న యువకులు బీదల మధ్య కాపురముండి వారిని తెలుసుకొనవలెనని ఆయన తలంపు. దానిని చూచి వచ్చిన జేన్ ఆడమ్స్ అనే స్త్రీ 1889లో చికాగోలో హల్ హౌస్ ప్రారంభించినది. మన దేశములో అమెరికన్ మరాఠీ మిషనుకు చెందిన క్లిఫర్డ్ మాన్షార్ట్ 1920లలో బొంబాయి నాగ్‌పాడాలో అటువంటి కేంద్రమే నడిపి, 1936లో దొరాబ్జీ టాటా ట్రస్టు సాయముతో దేశపు మొదటి సోషల్ వర్క్ పాఠశాలకు డైరెక్టరైనారు. నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అదే. ఢిల్లీ పాఠశాలను 1946లో లక్నోలో మొదలుపెట్టినది వై.డబ్ల్యు.సి.ఎ. స్త్రీలు. మద్రాసు పాఠశాల 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ గారి చేతి మీదుగా వచ్చినది. వీరెవరూ మంచి మనసు చాలదని అనలేదు. మంచి మనసుకు పని నేర్పవలెనన్నారు.

తరగతి గదిలో చెప్పే పాఠములను గూర్చి ఎక్కువ చెప్పము. మనిషి పెరుగుదల, సమాజ శాస్త్రము, చట్టములు, పరిశోధన, వ్యక్తితోను గుంపుతోను బస్తీతోను పనిచేసే పద్ధతులు ఉంటవి. కొన్ని పుస్తకములు పరాయి దేశపు ఊళ్ళకోసము వ్రాసినవి. మన పల్లెలోని కులము, వాడ, అప్పు వాటిలో కనిపించవు. అది ఈ చదువులోని లోపమే. మంచి అధ్యాపకులు దానిని పూడ్చుతారు, అందరూ పూడ్చరు.

అసలు చదువు ఫీల్డ్ వర్కు. చాలా చోట్ల వారమునకు రెండు రోజులు ఆసుపత్రికో, బస్తీకో, పిల్లల హోముకో, ఫ్యాక్టరీకో పంపుతారు. చూచినది, విన్నది, చేసినది రిపోర్టుగా వ్రాయవలెను. సూపర్‌వైజరు దానిని చదివి ఎదుట కూర్చోబెట్టి అడుగుతారు. భర్త తాగుబోతు అని వ్రాస్తే ఒప్పుకొనరు. ఎవరు చెప్పినారు, ఎన్నిసార్లు చూచినావు, ఏ వేళ చూచినావు అంటారు. మనుషులకు పేరు పెట్టేముందు ఆగే అలవాటు ఆ గదిలో వస్తుంది.

ఒక ఉదాహరణ చెప్పుతాము. ఆ మనిషి ఎవరో తెలియకుండ ఊరు, కొన్ని వివరములు మార్చినాము. తాపీ పని కూలీ ఒకతనికి క్షయ. ప్రభుత్వము మందులు ఉచితముగా ఇస్తుంది, సామాన్యముగా ఆరు నెలలు వాడవలెను. రెండు నెలలకు దగ్గు తగ్గినది, అతడు రావడము మానినాడు. మధ్యలో మానితే వ్యాధి మందులకు లొంగకుండ పోవచ్చును. ఆసుపత్రి కాగితము మీద "నిర్లక్ష్యము" అని ఉన్నది. మాలో ఒకరు అతని ఇంటికి వెళ్ళినారు. మొదటిసారి భార్య తలుపు సగమే తీసినది. మూడవసారి మాట్లాడినది. ఇంటి యజమానికి జబ్బు సంగతి తెలిస్తే గది ఖాళీ చేయమంటాడని బిళ్ళలు బియ్యపు డబ్బాలో దాచినారట. ఇక్కడ పని లేక అతడు వేరే ఊరికి మేస్త్రీతో వెళ్ళినాడు. పని పోతే తిండి లేదు, మందు కోసము తిరిగి రాలేడు. వైద్యమును ఆ ఊరి ఆసుపత్రికి మార్పించుకొనవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. పోషణ కోసము ప్రభుత్వము క్షయ రోగులకు 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చినది, 2024 నవంబరు నుండి దానిని 1000 చేసినది. అతని బ్యాంకు ఖాతా పనిచేయక ఆ సొమ్ము ఒక్క నెలకూ అందలేదు.

విద్యార్థి తన జేబులోనుండి ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆసుపత్రివారితో మాట్లాడి వైద్యము మార్పించినది, బ్యాంకు ఖాతాను బాగుచేయించినది, భార్యకు కూడా పరీక్ష చేయించినది. యజమానికి చెప్పవలెనా వద్దా అన్నది మాత్రము వారికే విడిచిపెట్టినది. వారు చెప్పవద్దనుకొన్నారు. ఆమె చెప్పలేదు.

ఈ చివరి మాట మనవారికి కష్టముగా తోచును. మనము ప్రేమతోనే అందరి సంగతులు అందరికీ చెప్పుకొంటాము. ప్రార్థన కూటములో "ఫలానా వారి అమ్మాయి కోసము" అని పేరుతో సహా విన్నపము చేస్తాము, సోమవారము నాటికి ఊరంతా తెలుస్తుంది. ఫెలిక్స్ బీస్టెక్ అనే జెస్యూట్ గురువు 1957లో వ్రాసిన పుస్తకములో చెప్పిన ఏడు సూత్రములను మాచేత వల్లె వేయించుతారు. రహస్యము కాపాడుట వాటిలో ఒకటి, తన నిర్ణయము తానే చేసికొనే హక్కు మరొకటి. వల్లె వేయుట సులభమే. మనకు తెలిసిన కుటుంబము విషయములో నోరు మూసికొనుటే కష్టము.

ఇల్లు మనదే కనుక మరొకటి కూడా చెప్పుతాము. క్రిస్మసుకు దుప్పట్లు పంచుతాము, సంతోషము. ముసలమ్మ దుప్పటి పట్టుకొని ఉండగా అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నిలబడి ఫోటో తీసికొంటాము. ఆ ఫోటోలో ఆమె ఎటు చూచుచున్నదో ఒకసారి చూడండి.

ఇక పెద్దమ్మగారి ప్రశ్న. ఉద్యోగములు ఉన్నవి. 500 మంది, అంతకు మించి పనివారున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండవలెనని 1948 ఫ్యాక్టరీల చట్టము విధించినది. ఆసుపత్రులలో, మానసిక వైద్యశాలలలో, జిల్లా బాలల సంరక్షణ విభాగములలో, స్వచ్ఛంద సంస్థలలో ఈ చదువు చదివినవారిని తీసికొంటారు. కాని చాలా ఉద్యోగములు కాంట్రాక్టువి. ప్రాజెక్టు సొమ్ము ఆగితే జీతము ఆగుతుంది. వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్లు మా అందరికీ వర్తించే రిజిస్ట్రేషన్ చట్టము దేశములో లేదు, కనుక ఏమీ చదవనివారు కూడా అదే పేరు పెట్టుకొంటారు. ఇంజనీరు జీతముతో పోల్చుకొని పిల్లలను పంపవద్దు. పిల్లలకు మార్కులు తక్కువ వచ్చినవి, ఎక్కడా సీటు రాలేదు, దీనిలోనైనా చేర్చుదాము అని కూడా పంపవద్దు. నష్టపోయేది వారి చేతిలో పడిన బీదలు.

ఇంటరు తరువాత బి.ఎస్.డబ్ల్యు., ఏ డిగ్రీ తరువాతనైనా సాధారణముగా రెండేండ్ల ఎం.ఎస్.డబ్ల్యు. ఉన్నవి. మన తెలుగు నేలమీద ఆంధ్ర విశ్వవిద్యాలయములోను, హైదరాబాదులోను చదువవచ్చును. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యగా కూడా చెప్పుచున్నది. ఎక్కడ చేర్చినా గోడల రంగు చూడక రెండు ప్రశ్నలు అడగండి: ఫీల్డ్ వర్కు వారమునకు ఎన్ని రోజులు? సూపర్‌వైజరు ప్రతి విద్యార్థితో విడిగా కూర్చుంటారా? జవాబు నసిగితే వేరేచోట చూడండి. ఆడపిల్లలు బస్తీలలో ఎట్లు తిరుగుతారని తల్లులు భయపడుచున్నారు. మాలో సగముమంది ఆడపిల్లలమే. మంచి పాఠశాల విద్యార్థులను జంటగా, పరిచయమున్న సంస్థ ద్వారా, పగటి వేళ పంపుతుంది. అది కూడా అడిగి తెలిసికొనండి.

చివరిగా ఈ సభ ముందు ఒక మనవి. మన మిషను హాస్టళ్ళలో పిల్లలున్నారు. వారిలో తల్లిదండ్రులు వలస పోయినవారున్నారు, రాత్రి పక్క తడుపుకొనేవారున్నారు, ఉన్నట్టుండి చదువు మానివేసినవారున్నారు. ఒక్క వార్డెనమ్మగారు అందరినీ చూడలేరు. వచ్చే జూను నుండి ఇద్దరు సోషల్ వర్క్ విద్యార్థులను ఫీల్డ్ వర్కుకు అక్కడకు రానివ్వండి. హాస్టలుకు ఖర్చు లేదు. మాలో చదువు ముగించినవారు వారికి తోడుగా ఉంటారు.

అయితే షరతులు ముందే చెప్పుట మర్యాద. పిల్లలు చెప్పిన మాటలున్న రిపోర్టులు కమిటీ బల్లమీదకు రావు. కమిటీకి చెప్పవలసినది పేర్లు లేకుండ చెప్పుతాము. ఒక విషయములో మాత్రము మేము మౌనముగా ఉండము. పిల్లలమీద లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిస్తే పోలీసులకు తెలియజేయవలెనని 2012 పోక్సో చట్టము ప్రతివారికీ విధించినది, దాచుట శిక్షార్హము. చేసినది ఎవరైనా, ఎంత పెద్దవారైనా, లోపల సర్దుకొందామని ఎవరు చెప్పినా వినము. 1098 అనే పిల్లల ఫోను నంబరును ప్రతి హాస్టలు గోడమీద పిల్లల కంటికి అందే ఎత్తులో వ్రాయించుతాము. ఆ ఫోను సేవ కూడా 1996లో బొంబాయిలో టాటా సంస్థవారి ఫీల్డు పనిగా మొదలైనదే.

ఈ షరతులతో మమ్మును రానివ్వగలరేమో హాస్టలు కమిటీవారు ఆలోచించి చెప్పవలెనని కోరుచున్నాము. కాదన్నా కోపగించము, కారణము మాత్రము అడుగుతాము.