చిక్కడపల్లిలో పాత పాట

హైదరాబాద్‌లో కవాడిగూడ పక్కనే చిక్కడపల్లి. అక్కడి త్యాగరాయ గానసభలో సినీ గాయకుడు ఘంటసాల పాటల కచేరీలు జరుగుతూనే ఉంటాయి. ఇదంతా పెద్దవాళ్ల పాతకాలపు బెంగ అని కొందరి మాట. నేనొప్పుకోను. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆ తర్వాత పుట్టినవాళ్లూ వేదికెక్కి ఆయన పాటలు పాడుతున్నారు. వాళ్లకు ఆ పాట పెద్దల నుంచి అందింది. పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా, సభ ఎందుకంటారా? సభలో గాయకుడు చరణం అందుకోగానే ముందు వరుసలో పెదవులు కదులుతాయి, వేళ్లు తాళం వేస్తాయి. ఆ పాట ఉన్న సినిమా ఏ హాల్లో చూశారో పక్కవారు చెబుతారు. పాటతోపాటు పేట జ్ఞాపకమూ మనకు చేరుతుంది. అది ఏ రికార్డులోనూ దొరకదు. కొత్త పాటకూ చోటుండాలి, నిజమే. అయినా ఈసారి కచేరీకి పిల్లల్నీ వెంటబెట్టుకెళ్లండి.