కొత్త ల్యాబుకు పరికరాలు: కొనేముందు నాలుగు మాటలు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ భవనంలో రక్తపరీక్షల ల్యాబు పెట్టాలని తీర్మానించుకున్నందుకు చాలా సంతోషం. విరాళాలిచ్చిన వారిలో కుటుంబ పింఛను మీద బతుకుతున్న అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారు. కనుక ప్రతి రూపాయికీ మనం జవాబుదారులం. నేను 1979 నుంచి 2013 వరకు ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లో పనిచేసినవాడిని గనుక, పరికరాల కొనుగోలు గురించి చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు.

మిషను పేరు అడిగేముందు పరీక్షల జాబితా రాసుకోవాలి. మన వయసువారికి తరచు కావలసినవి సుగరు, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు, హిమోగ్లోబిన్, మూత్రపరీక్ష. వీటికి ఒక సెమీ ఆటో ఎనలైజర్, సెంట్రిఫ్యూజ్, మైక్రోస్కోపు, మంచి పిపెట్లు, ఫ్రిజ్ చాలు. థైరాయిడ్, మూడు నెలల సుగరు వంటివి మొదట్లో శాంపిల్ తీసి పెద్ద ల్యాబుకు పంపుకోవచ్చు. గంటకు వందలాది పరీక్షలు చేసే ఆటోమేటిక్ మిషను కొందామని కొందరు మిత్రులు అంటున్నారు. రోజుకు పాతిక మంది వచ్చే చోట అది పెళ్లివారి గుండిగలో ఇద్దరికి అన్నం వండినట్లుంటుంది.

మిషను ఉచితంగా ఇస్తామని, రసాయనాలు మాత్రం తమ వద్దనే కొనాలని ఒకరు ప్రతిపాదన పంపారు. వద్దనే ముందు లెక్క చూద్దాం. రోజుకు 25 శాంపిల్స్, నెలకు 25 రోజులు, ఒక్కొక్కరికి మూడు పరీక్షలు అనుకుంటే నెలకు 1,875 పరీక్షలు. బయట దొరికే రసాయనం కంటే పరీక్షకు పది రూపాయలు ఎక్కువ పడితే నెలకు 18,750 రూపాయలు, ఏడాదికి 2,25,000 రూపాయలు. ఉచితం ఖరీదు అదీ! నెలకు ఇంత సరుకు తీసుకోవాలనే షరతు కూడా ఉంటే, జనం రాని నెలలోనూ బిల్లు కట్టవలసిందే. అందుచేత ఏ కంపెనీ రసాయనమైనా వాడుకోగల ఓపెన్ సిస్టమ్ మిషనునే కొనాలని నా మనవి.

అందరి చూపూ ఎనలైజర్ మీదనే ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌ను ఎవరూ పట్టించుకోరు. రక్తం తీసిన తరువాత కూడా అందులోని కణాలు సుగరును తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో, గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పరగడుపున 126, ఆపైన ఉంటే మధుమేహమని డాక్టర్లు లెక్కిస్తారు. నిజంగా 130 ఉన్న మనిషి రక్తాన్ని రెండు గంటలు బల్లమీద వదిలేస్తే 115 దగ్గరకు వస్తుంది. ఆయన తనకు జబ్బు లేదనుకుని మిఠాయి కొట్టుకు వెళ్తాడు. ఫ్లోరైడ్ ట్యూబు వాడాలి, అయినా అది పూర్తిగా పనిచేయడానికి కొంత సమయం పడుతుంది కనుక త్వరగా తిప్పి ప్లాస్మా వేరు చేయాలి. మూత లాక్ అయ్యే, వణకని సెంట్రిఫ్యూజ్ లేకపోతే ఎంత గొప్ప ఎనలైజర్ అయినా తప్పు అంకెనే చక్కగా అచ్చువేసి ఇస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయన్న హడావిడిలో ఒక ఖరీదైన మిషను వచ్చింది. గదికి సరైన ఎర్తింగు లేదు, ఏసీ లేదు. చెక్కపెట్టె విప్పేసరికి పదకొండు నెలలు గడిచాయి. వారంటీ సరఫరా తేదీ నుంచి లెక్క గనుక మనకు మిగిలింది ఒక్క నెల. కాబట్టి ముందు గది, ఎర్తింగు, యూపీఎస్, నీరు, సింకు, ఆ తరువాతనే ఆర్డరు. వారంటీ మిషను బిగించి, మన శాంపిల్స్‌తో పరీక్షించి చూపిన తేదీ నుంచి మొదలవుతుందని ఆర్డరులోనే రాయించాలి.

కొటేషన్లు కనీసం మూడు తీసుకుందాం. సాంకేతిక వివరాలు ఒక కవరులో, ధర మరొక కవరులో అడుగుదాం. మన అవసరానికి సరిపోయినవాటి ధరల కవర్లు మాత్రమే విప్పుదాం. ధరలు పోల్చేటప్పుడు మిషను వెల ఒక్కటే చూడరాదు. అయిదేళ్ల రసాయనాలు, దీపాలు, ఫిల్టర్లు, వారంటీ తరువాతి మెయింటెనెన్స్ అన్నీ కూడి చూడాలి. విడిభాగాలతో కూడిన కాంట్రాక్టు వేరు, మెకానిక్ వచ్చి చూసిపోయే కాంట్రాక్టు వేరు. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఇంజనీరు ఎక్కడినుంచి వస్తాడో, ఎన్ని గంటల్లో వస్తాడో కూడా రాయించుకోవాలి.

బడ్జెట్లో ఎవరూ వేయని ఖర్చులు కొన్ని ఉన్నాయి. రోజూ ఉదయం రోగుల రక్తం పెట్టేముందు కంట్రోల్ సీరం నడిపి మిషను నిజం చెబుతున్నదో లేదో చూసుకోవాలి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు నడిపే బయటి నాణ్యతా పరీక్షలో చేరితే మన అంకెలు ఇతర ల్యాబులతో సరితూగుతున్నవో లేదో తెలుస్తుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి పోవాలి, మిగతావి రంగుల వారీగా వేరుచేసి అధీకృత సంస్థకు ఇవ్వాలి. రసాయనాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, లోపల థర్మామీటరు ఉండాలి. ఆ ఫ్రిజ్‌లో సమావేశం కాఫీకని పాల ప్యాకెట్లు పెట్టవద్దని ఇప్పుడే చేతులు జోడించి మనవి చేస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం మనిషి. అర్హత కలిగిన టెక్నీషియన్‌కు న్యాయమైన జీతం ఇవ్వలేకపోతే మిషను కొనడం వాయిదా వేద్దాం. ఎందుకంటే ఆ కాగితం మీది అంకె చూసే మన డాక్టరు ఇన్సులిన్ మోతాదు నిర్ణయిస్తారు. ఒంటరిగా ఉంటున్న డెబ్బై అయిదేళ్ల మనిషికి లేని సుగరు ఉన్నదని చెబితే, ఎక్కువ మందు పడి రాత్రిపూట స్పృహ తప్పితే, పిలిస్తే పలికేవారెవరు? తప్పు రిపోర్టు ఇచ్చే ల్యాబు కంటే ల్యాబు లేకపోవడమే మేలు.

కనుక సభవారి ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, గది సిద్ధమయ్యాకే ఆర్డరు ఇవ్వాలి. రెండు, సేకరించిన నిధిలో సగానికి మించి పరికరాలపై పెట్టకుండా, మిగతాది మొదటి రెండేళ్ల రసాయనాలకు, జీతానికి, మెయింటెనెన్స్‌కు బ్యాంకులో ఉంచాలి. మూడు, కొనుగోలు సంఘంలో దాతల తరఫున ఇద్దరు, అందులో ఒకరు కుటుంబ పెన్షనరు, ఉండాలి. బిల్లులు, తులనాత్మక పట్టిక నోటీసు బోర్డులో పెట్టాలి. అనుకూల ప్రతికూల అభిప్రాయాలు నిస్సంకోచంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.