టేపు మీద దాచిన ప్రతి

దొరవారిసత్రమునకు చేరువనే నేలపట్టు చెరువు ఉన్నది. ఈశాన్య ఋతుపవనము తగిలినంతనే గూడబాతులు అచటికి వచ్చి, నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టును. ఆ ఊర నాకొక మిత్రుడు కలడు. పక్షులు దిగిన దినము, గూళ్ల లెక్క, కూతల ధ్వనులు, వీటినెల్ల ఆయన ఏండ్ల తరబడి తన ఇంటి కంప్యూటరులో కూర్చుకొనినాడు. వాటి ప్రతిని టేపులకెక్కించి దాచుకొనుచుండెడివాడు.

టేపనగానే శ్రోతలకు పాటల కాసెట్టు స్ఫురించును. పదార్థమదియే. సన్నని ప్లాస్టిక్ నాడాపై అయస్కాంత గుణముగల పూత. రేడియోలో మేము దానిపై కంఠస్వరమును నిలుపుచుంటిమి. కంప్యూటరు సున్నలను, ఒకట్లను నిలుపును. 1990 ప్రాంతమున ఇంటి కంప్యూటరులకు వాడిన క్యూఐసీ-80 డ్రైవు, ఫ్లాపీ డ్రైవు తీగెకే తగుల్కొని, అరచేత ఇమిడెడి కాసెట్టులో 80 మెగాబైట్లు దాచెడిది. 2000లో వచ్చిన ఎల్.టి.ఓ. జాతి టేపు 100 గిగాబైట్లు పట్టగా, 2021 నాటి దాని తొమ్మిదవ తరము 18 టెరాబైట్లు పట్టుచున్నది.

టేపునకు నిదానమెక్కువ. నడుమనున్న ఒక్క దస్త్రము కావలెనన్నను ముందరి నాడా అంతయు తిరుగవలసినదే. కాని డ్రైవు నుండి తీసి బీరువాలో పెట్టిన టేపునకు విద్యుత్తుతో గాని, తీగెలతో గాని పొత్తు లేదు. వైరస్సు దాని దరి చేరదు. 2011 ఫిబ్రవరిలో ప్రోగ్రాములోని దోషము వలన కొందరి జీమెయిల్ ఉత్తరములు మాయమైనపుడు, గూగుల్ వారు వాటిని టేపుల నుండియే తిరిగి తెచ్చినారు.

ఇక మిత్రుని సంగతి. ఒక వానకాలమున ఆయన హార్డుడిస్కు ఉన్నట్టుండి పలుకుట మానినది. మూడు టేపులున్నవి గదా యని ఆయన ధీమా. మొదటిది ఇంటి బీరువాలోనిది. పులికాటు మీది తేమగాలికి పూత జిగురెక్కి డ్రైవునకు అంటుకొనినది. డ్రైవును తుడిచి రెండవదానిని పెట్టగా అది చక్కగా తిరిగినది, కాని అందు ధ్వనులే లేవు! ఎప్పుడో ఆయన దస్త్రములను వేరొక చోటికి మార్చగా, ప్రోగ్రాము మాత్రము ఖాళీయైన పాత చోటునకే నమ్మకముగా నకలు తీయుచు వచ్చినది. ప్రతి పర్యాయమును “పూర్తియైనది” అని తెరపై చూచి సంతసించెనే గాని, ఒక్క కూతనైనను టేపు నుండి వెనుకకు తెచ్చి వినియుండలేదు. మూడవది నెల్లూరులో అక్కగారింట ఉన్నది. ఈలోగా డ్రైవే చెడగా, చెన్నపట్టణము రిచీ వీధిలో పాతసామాను నడుమ అట్టిదానినే వెదకి తెచ్చినాడు. అన్నియు వచ్చినవి, తుది రెండు వానకాలములు దక్క.

“రెండేండ్లే గదా” యంటిని. “ఆ రెండేండ్ల పక్షులు మరల వచ్చునా?” యని నన్ను కసరినాడు.

నాకు మారు పలుక నోరాడలేదు. టేపు ప్రియమైన దినములలో ఒక ప్రసంగమును చెరిపి దానిపైననే మరియొకటి ఎక్కించుట మా వృత్తిలో పొదుపనిపించుకొనినది. చంద్రునిపై తొలి అడుగు దృశ్యములను గ్రహించిన మూలపు టేపులను సైతము చెరిపి మరల వాడియుందురని 2009లో నాసా వారే తెలిపినారు.

నేడు ఇండ్లలో టేపు డ్రైవు అరుదు, ధరయు గొప్పది. బయటి హార్డుడిస్కు వాడువారే అధికము. వారును నకలు తీసిన పిదప ఏదేని ఒక దస్త్రమును వెనుకకు దించి, తెరచి చూడవలెను. టేపు వాడువారు డ్రైవును గూర్చియు యోచింపవలెను: ఎల్.టి.ఓ. ఎనిమిదవ తరపు డ్రైవు ఏడవ తరపు టేపును చదువును గాని, ఆరవదానిని చదువదు.

మిత్రుడిప్పుడు గూడబాతులు దిగిన వారమున ఒక టేపును నెల్లూరు తీసికొనిపోయి, అక్కగారింటిలోని దానిని వెంట తెచ్చుకొనును. ఆ రాత్రియే దానిని డ్రైవులో పెట్టి, నచ్చిన కూతనొకదానిని విని పండుకొనును.