చిన్న కళాశాలయా, పెద్ద విశ్వవిద్యాలయమా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఉద్యోగుల పిల్లలలో అమెరికాకు ఎం. ఎస్. చదువుకై పోవువారే ఎక్కువ. అయినను పండ్రెండవ తరగతి ముగియగనే అచటికి పోదలచువారును ఇప్పుడు కనబడుచున్నారు. అట్టివారికి ఒక చిక్కు ఎదురగుచున్నది. ఒక ప్రక్క రెండువేలమంది మాత్రమే చదువుకొను చిన్న కళాశాల. మఱియొక ప్రక్క నలుబదివేలమందికి పైబడి చదువుకొను విశ్వవిద్యాలయము. “విశ్వవిద్యాలయముండగా కళాశాల యెందుకు?” అని ఇంటి పెద్దలందురు, అంతటితో చర్చ ముగియును. ఆ తీర్పు తొందరపాటని మనవి చేయుటయే నా ఉద్దేశము.

మనలను త్రోవ తప్పించునవి రెండు పదములు. మొదటిది ‘కళాశాల’. మన దేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు లండన్ విశ్వవిద్యాలయపు పద్ధతి ననుసరించి ఏర్పడినవి. పాఠము చెప్పుట కళాశాల పని. పరీక్ష పెట్టి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు పని. అందుచే కళాశాల యనగా మఱియొకదానికి లోబడినదను భావము మనలో నాటుకొన్నది. అమెరికాలో అట్లు కాదు. 1793 నాటి విలియమ్స్, 1821 నాటి ఆమ్హర్స్ట్, 1864 నాటి స్వార్త్‌మోర్ కళాశాలలు ఏ విశ్వవిద్యాలయమునకును అనుబంధములు కావు. పాఠములు, పరీక్షలు, పట్టములు అన్నియు వాని స్వంతములే. చరిత్రను చూచినచో అచట కళాశాలయే జ్యేష్ఠురాలు. హార్వర్డు సైతము 1636లో కళాశాలగా ఆరంభమైనదే. 1862 నాటి మొరిల్ శాసనము వలన రాష్ట్రములకు భూములు లభించిన పిమ్మట వ్యవసాయము, ఇంజనీరింగు బోధించు పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయములు పెరిగినవి.

రెండవ పదము ‘లిబరల్ ఆర్ట్సు’. ఆర్ట్సు అనగనే మనకు సైన్సు గ్రూపు దొరకనివారి చదువు స్ఫురించును. మధ్యయుగపు ఐరోపాలో ఈ పేరు గల ఏడు విద్యలలో వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రములతోపాటు అంకగణితము, రేఖాగణితము, సంగీతము, ఖగోళశాస్త్రము ఉండెను. నేడును భౌతిక, రసాయన, గణితశాస్త్రములు ఇందు భాగములే. అయోవా రాష్ట్రములోని గ్రిన్నెల్ అను చిన్న కళాశాలలో 1949లో పట్టము పొందిన రాబర్టు నోయ్స్ 1968లో ఇంటెల్ సంస్థాపకులలో ఒకరైరి. అచటనే 1970లో పట్టభద్రులైన థామస్ చెక్ 1989లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతిని పంచుకొనిరి. పిమ్మటి డాక్టరేటును నోయ్స్ ఎం. ఐ. టి. లోను, చెక్ బర్క్‌లీలోను పొందిరి. చిన్నచోట పునాది వేసికొని పెద్దచోటికి పోవుటకు అడ్డు లేదని దీనివలన తెలియుచున్నది.

ఇక చదువు సాగు తీరు. చిన్న కళాశాలలో ఆచార్యులే స్వయముగా బోధింతురు. డాక్టరేటు విద్యార్థులు లేకపోవుటచే ప్రయోగశాలలో వారికి చేదోడుగా నుండు అవకాశము పట్టభద్ర విద్యార్థులకే దక్కును. పెద్ద విశ్వవిద్యాలయములో మొదటి సంవత్సరపు ఉపన్యాసములకు వందలమంది కూర్చొందురు. చిన్న తరగతులను తఱచుగా పైచదువుల విద్యార్థులే నడుపుదురు. అయితే పెద్దచోటి లాభములు స్వల్పములు కావు. ఇంజనీరింగులో అనేక శాఖలు, గొప్ప గ్రంథాలయములు, సమర్థులకు పైతరగతుల పాఠములు అచట లభించును. చిన్న కళాశాలలలో పెక్కింటికి ఇంజనీరింగు శాఖయే లేదు; స్వార్త్‌మోర్ వంటివి కొన్ని మాత్రము మినహాయింపు. మూడేండ్లు కళాశాలలోను, రెండేండ్లు కొలంబియా వంటి విశ్వవిద్యాలయములోను చదివి రెండు పట్టములు పొందు ఏర్పాటు కలదు గాని, అందు ఐదవ యేటి వ్యయమును లెక్కించుకొనవలెను. పెద్ద విశ్వవిద్యాలయములలోను ఒక జాగ్రత్త అవసరము. చాలచోట్ల కంప్యూటరు శాఖలో ప్రవేశము వేఱు. చేరిన తరువాత మారుదమన్న సులభము కాదు.

వ్యయమే మన కుటుంబములకు అసలు గండము. అమెరికా కేంద్ర ప్రభుత్వపు విద్యా సహాయము విద్యార్థి వీసాపై పోవువారికి లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములు స్థానికులకన్న విదేశీయులనుండి హెచ్చు ఫీజు తీసికొనును. కుటుంబపు అవసరమును బట్టి ఇచ్చు సహాయము వారికి సాధారణముగా నుండదు. ఆమ్హర్స్ట్, విలియమ్స్ వంటి ధనసంపద గల కొన్ని కళాశాలలు మాత్రము ప్రవేశము పొందిన విదేశీయుల అవసరమును పూర్తిగా తీర్చుచున్నవి. అచట ప్రవేశము అతి కష్టము. అయినను ప్రకటిత ఫీజును చూచియే వెనుదిరుగరాదు. సహాయము పోగా మిగులు మొత్తమును వ్రాతమూలకముగా తెలిసికొని పోల్చవలెను. ప్రావిడెంటు ఫండును ఊడ్చిపెట్టి, పదవీ విరమణానంతరము అప్పు తీర్చుచు కూర్చొనుట ఏ సంస్థ పేరుకును తగిన మూల్యము కాదు.

తలిదండ్రులారా! బిడ్డను మూడు ప్రశ్నలడుగుడు. చదువదలచిన శాఖ నిశ్చయమైనదా? నిశ్చయమై, అది ఇంజనీరింగైనచో పెద్దచోటు మేలు. సందేహము వచ్చినపుడు తానై పోయి గురువు తలుపు తట్టగలవాడా? తట్టలేని మితభాషికి, తన పేరెఱిగి పిలిచి అడుగు గురువులున్న చిన్నచోటు మేలు. నగర సందడియు, మనవారి తోడును లేక చిన్న యూరిలో నాలుగేండ్లు నిలువగలడా? నిలువలేనిచో ఆ గురువులుండియు ఫలము తక్కువ. ఆడపిల్లల విషయమునను ఇవియే ప్రశ్నలు.

పెండ్లి పందిటిలో ఎవరో బంధువు “ఆ కాలేజీ పేరెన్నడును వినలేదే!” అనవచ్చును. వారు విననంత మాత్రమున లోపమేమియు లేదు. ఆ నాలుగేండ్లు గడుపవలసినది మన బిడ్డ గాని, పందిటిలోని బంధువు కాదు.