తేట నీళ్లన్నీ మంచినీళ్లేనా?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది నిమిషాల్లో ముగించాలని కార్యదర్శి గారు షరతు పెట్టారు. ముప్పై అయిదేళ్లు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి, గంట కొడితేగాని ఆపే అలవాటు లేదు. అయినా ప్రయత్నిస్తాను. ద్రావణాలు, వాటిలోని పదార్థాలను వేరుచేయడం, వెలుతురుతో వాటిని గుర్తుపట్టడం, ఇదీ నాకిచ్చిన విషయం. మన ఇంటి నీళ్ల బిందెతోనే చెబుతాను.

మనది నడిగడ్డ. ఒకవైపు కృష్ణ, మరోవైపు తుంగభద్ర. అయినా గట్టు పల్లెల్లో తాగునీటికి పడ్డ పాట్లు మీకు తెలియనివి కావు. నా చిన్నతనంలో వానలు పడితే కుంట నీళ్లు ఎర్రగా ఉండేవి. మా అమ్మ చిల్లగింజను రాతిమీద అరగదీసి, ఆ గంధం కడవలో కలిపి మూతపెట్టేది. తెల్లవారేసరికి మడ్డి అడుగుకు దిగేది. పైనీళ్లు మెల్లగా తేర్చుకునేవాళ్లం. బురద కణాలన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. చిల్లగింజలోని పదార్థం వాటిని ముద్దకట్టిస్తుంది, బరువెక్కి దిగిపోతాయి. పటిక చేసే పనీ ఇదే.

అయితే బురదనీరు ద్రావణం కాదు. ఉప్పునీరు ద్రావణం. రెండు గ్లాసుల్లో పోసి చీకటి గదిలో పక్కనుంచి టార్చి వేసి చూడండి. బురద కణాలు వెలుతురును చెదరగొడతాయి కనుక దాని దారి కనిపిస్తుంది. ఉప్పునీళ్లలో కనిపించదు. కరిగిన కణాలు అంత చిన్నవి. ఎన్ని మడతల గుడ్డలో వడగట్టినా ఆగవు, ఎన్ని రోజులుంచినా అడుగుకు దిగవు.

ఈ తేడాను నల్లబల్లమీద రాసి, పిల్లలచేత వల్లె వేయించి, మార్కులు కూడా వేశాను. కానీ నాకే అది సరిగా అర్థం కాలేదని తరువాత తెలిసింది.

1980ల సంగతి. గట్టు వైపు ఒక పల్లెలో పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. నారికురుపు ఇంకా ఉన్న రోజులవి. (మన దేశానికి ఆ పీడ వదిలిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.) దాన్ని మోసే నీటిపురుగు గుడ్డలో వడగడితే ఆగేది, కానీ అందరూ వడగట్టేవారా? అలాంటి సమయంలో ఊళ్లో బోరింగు వేశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తియ్యగా ఉన్నాయి. పప్పు ఇట్టే ఉడికేది, సబ్బు బాగా నురగొచ్చేది. నేను ఇల్లిల్లూ తిరిగి, కుంట మానండి, బోరింగు నీళ్లే తాగండి అని చెప్పాను. తల్లులు నా మాట విన్నారు.

కొన్నేళ్లకు ఒకటో తరగతిలో చేరినప్పుడు తెల్లని పాలపళ్లున్న పిల్లలకు, కొత్తగా వచ్చిన పళ్లమీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు కనిపించాయి. వేపపుల్లతో సరిగా తోమడం లేదని కోప్పడ్డాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ చారలు తోమితే పోయేవి కావు, పన్ను చిగురులో తయారయ్యేటప్పుడే పడినవి.

ఒకనాడు నీళ్ల పరీక్షకు ల్యాబు ఉద్యోగి ఒకాయన వచ్చాడు. మా బడి బల్లమీదే గాజు గొట్టాలు వరుసగా పెట్టాడు. కొన్నిటిలో తెలిసిన మోతాదు ఫ్లోరైడు, ఒకదానిలో మా బోరింగు నీళ్లు. అన్నిటిలో జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రటి మందు పోశాడు. గంటసేపు ఆగాలన్నాడు. పిల్లలూ నేనూ కాచుకు కూర్చున్నాం. ఫ్లోరైడు ఎక్కువయ్యే కొద్దీ గొట్టాల్లో ఎరుపు తగ్గి పసుపు తేలింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములని రాసిన గొట్టం కంటే మా నీళ్లే పసుపుగా ఉన్నాయి!

ఫ్లోరైడు తనంతట తాను మన కంటికి కనిపించే వెలుతురును పట్టుకోదు, అందుకే దానికి రంగు లేదు. కానీ అది ఎర్రమందులోని జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు అలిజరిన్ తన సొంత పసుపు రంగుకు వస్తుంది. కనిపించని దొంగను వాడు ఎత్తుకుపోయిన సొమ్మునుబట్టి పోల్చినట్టన్నమాట. కంటితో రంగు పోల్చడానికి బదులు, ద్రావణంగుండా ఎంత వెలుతురు దాటి వచ్చిందో కొలిచే పరికరం కలరీమీటరు. గాఢత పెరిగితే మింగే వెలుతురు పెరుగుతుంది. మన గద్వాల చీరలకు రంగులద్దేవారికి చిక్కటి రంగునీళ్లంటే ఏమిటో వేరే చెప్పాలా? మనం నెలనెలా చేయించుకునే షుగరు పరీక్షలోనూ ల్యాబుల్లో ఇదే సూత్రం. 2020, 2021లలో అందరం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు కూడా వెలుతురుతోనే రక్తాన్ని చూస్తుంది.

లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక్క గ్రాము. మన ప్రమాణాల ప్రకారం అంతవరకే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఫ్లోరైడు మన నేల కింది రాళ్లనుంచే వస్తుంది. నీళ్లలో కాల్షియం ఉంటే ఫ్లోరైడును కొంత కట్టిపడేస్తుంది. కాల్షియం తక్కువైన మెత్తని నీళ్లలో ఫ్లోరైడు తరచు ఎక్కువ. పప్పు బాగా ఉడుకుతుందని మేము మెచ్చుకున్న గుణమే మమ్మల్ని మోసగించింది.

ఆ రోజు ఒక ముసలమ్మ అడిగింది: "సారూ, కాగబెట్టి తాగితే పోతదా?" పోదవ్వా అన్నాను. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, నీరు ఆవిరవుతుంది. ఫ్లోరైడు మాత్రం మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. చిల్లగింజ, గుడ్డ వడపోత దీనికి పనికిరావు. నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతి ఉంది. సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు లెక్కప్రకారం కలిపి, తేరనిచ్చి, వడగట్టడం. పటికనుంచి ఏర్పడే తెల్లని ముద్దలు ఫ్లోరైడును పట్టుకుని దిగుతాయి. పటిక మోతాదు నీళ్లనుబట్టి మారుతుంది. అంచనాతో వేయకూడదు. ఆర్.ఓ. యంత్రం ఒత్తిడితో నీళ్లను సన్నని పొరగుండా దాటించి లవణాలను వెనక్కి నెడుతుంది. దాన్నుంచి బయటికి పోయే నీళ్లలో ఆ లవణాలే చిక్కగా ఉంటాయి. వాటిని వంటకు పట్టకండి.

2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి, సంతోషం. అయినా నల్లా రాని పూట పాత బోరు దగ్గరికి పోయేవాళ్లు మనలోనే ఉన్నారు, చేతులెత్తమని అడగను.

మొన్న ఒక పెళ్లిలో నా పాత శిష్యుడు కాళ్లకు మొక్కాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఏదో పాత ముచ్చటకు నవ్వుతూ, నవ్వుతూనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటి బోరు వాడేవారు వచ్చే సమావేశానికి ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు తెండి. అయిదు నిమిషాలు బోరు నడిపాక పట్టండి. సీసామీద పేరు, వీధి, తేదీ రాయండి. అన్నీ కలిపి పరీక్షకు పంపే బాధ్యత నాది. పది నిమిషాలు దాటినట్టున్నాయి, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు.