నిస్తంత్రీ నియంత్రణమున శక్తివ్యయము



దూరముననున్న యంత్రమును తీగ లేకుండ నడపు విద్య నేడు పల్లెపొలములకును వచ్చినది. ఇంటియొద్ద కూర్చుండి సెల్‌ఫోనుతో బావికడ మోటారును నడపు రైతులు పెక్కు గ్రామములందు కలరు. ఈ విద్యయందు పైకి గోచరింపని చిక్కు ఒకటి యున్నది. వార్తను ఎంత బలముతో పంపవలెను? బలము చాలనిచో వార్త చేరదు; యంత్రము గాడి తప్పును. బలము మిక్కుటమైనచో బ్యాటరీ వట్టిపోవును. ప్రక్కవారి వార్తలు చెడును. ఈ రెంటి నడిమి దారియే నేటి ప్రసంగవిషయము.

ముందుగా ఏర్పాటును గ్రహింపవలెను. ఊరి నీళ్ళట్యాంకుపై మట్టము కొలుచు సాధనము ఒకటి యున్నదనుకొనుడు. మైలు దూరమున బావియు, మోటారును, దానిని నడపు పెట్టెయు కలవు. కొలుచు సాధనము రేడియో మూలమున మట్టమును తెలుపును. పెట్టె దానినిబట్టి మోటారును నడపును, ఆపును. కన్ను ఒకచోట, బుద్ధియు చేయియు వేఱొకచోట. ట్యాంకుపైనున్న సాధనమునకు చిన్న బ్యాటరీయే ఆధారము. అది తీరినచో ఎవరో ఒకరు నిచ్చెన వేసికొని పైకెక్కవలసినదే.

దూరము పెరిగినకొలది రేడియో బలము వేగముగా క్షీణించును. అడ్డములేనిచోట దూరము రెట్టింపైనచో, అంతే గట్టిగా వినబడుటకు నాలుగు రెట్ల శక్తి కావలెను. చెట్లు, గోడలు అడ్డుపడినచో అంతకంటెను హెచ్చు. అట్లని ప్రతివాడును గొంతెత్తి అఱచినచో, సంతలో వలె ఎవరి మాటయు ఎవరికిని వినబడదు.

ఈ చిక్కు సెల్‌ఫోనులవారికి ముందే ఎదురైనది. 1995 లో వాడుకలోనికి వచ్చిన సీ.డీ.ఎం.ఏ. పద్ధతియందు అనేకులు ఒకే తరంగపట్టీపై ఒకేసారి మాటాడుచుండిరి. టవరునకు దగ్గఱనున్న ఫోను ధ్వని దూరపు ఫోను ధ్వనిని ముంచివేయును. అందుచే టవరు ఒక్కొక్క ఫోనునకు సెకనునకు 800 మారులు ‘పెంచుము’ అనియో ‘తగ్గించుము’ అనియో ఆజ్ఞ యిచ్చుచుండెను. పెంచుమన్న సుమారు నాల్గవవంతు పెంపు. తగ్గించుమన్న సుమారు ఐదవవంతు తగ్గింపు. తరువాత వచ్చిన డబ్ల్యు.సీ.డీ.ఎం.ఏ. పద్ధతిలో ఈ ఆజ్ఞలు సెకనునకు 1500 అయ్యెను. భజనమేళములో పెద్దగొంతువాడు తగ్గి, చిన్నగొంతువాడు హెచ్చించి, అందఱును శ్రుతి కలుపుట వంటిదే యిది.

అయితే సంభాషణమునకును యంత్రనియంత్రణమునకును భేదము కలదు. నియంత్రణమున వార్తలన్నిటికిని ఒకే విలువ లేదు. ట్యాంకు సగము నిండి నిలకడగా నున్నప్పుడు ఒక వార్త తప్పిపోయిన నష్టము లేదు. నీరు అంచునకు వచ్చినప్పుడు తప్పిపోయినచో వీథి యంతయు జలమయము. లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు సీతను చూచితినన్న సంగతిని ముందు చెప్పి, తక్కిన వృత్తాంతమును పిదప విస్తరించెను. ఏ మాటకు ఎంత తొందరయో ఎఱిగినవాడే దూత.

వస్తువు స్వభావమును కూడ చూడవలెను. ఊగుచున్న ఉయ్యాలను విడిచిపెట్టినచో తానే నెమ్మదించును. అఱచేతిపై నిలబెట్టిన కఱ్ఱ అట్లు కాదు. కొంచెము ఒఱగెనా, ఆ ఒఱుగే దానిని మఱింత ఒఱగించును. వార్త అందనప్పుడు నియంత్రకము పాతవార్తనుబట్టి ప్రస్తుతస్థితిని ఊహించుకొనవలెను. దోషముగల కొలతలనుండి అసలు స్థితిని ఊహించు గణితమార్గమును 1960 లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించెను. నడుమ కొన్ని కొలతలు అందకపోయిన ఏమగునో 2004 లో బ్రూనో సినోపోలి, శంకర్ శాస్త్రి ప్రభృతులు లెక్కకట్టిరి. ఒక కొలతకును మఱుకొలతకును నడుమ తప్పు రెట్టింపగు వస్తువైనచో, నూటికి 75 కంటె ఎక్కువ వార్తలు చేరవలెను. లేనిచో ఊహలోని తప్పు సగటున హద్దులేక పెరుగును. ప్రతిమారును తప్పు పదింట ఒకవంతు మాత్రమే పెరుగునదైనచో నూటికి 18 చేరినను హద్దులోనుండును. ఉయ్యాలవంటి వస్తువునకు ఇట్టి భయమే లేదు. కనీసపు ఖర్చు ఎంతయో ఈ లెక్క తేల్చినది. అంతకుమించి చేసిన ఖర్చు తప్పును ఇంకను తగ్గించును గాని, దాని వెలను బ్యాటరీ చెల్లించవలెను.

కావున పొదుపరి యగు సాధనము ఊహించిన మట్టమే ఉన్నప్పుడు ఊరకుండును. మట్టము ఊహ తప్పినప్పుడు పలుకును. ఆపద సమీపించినప్పుడు బిగ్గఱగా పలుకును. తొందరలేని వార్తను మార్గము బాగున్న సమయమున పంపును. కాని మౌనమునందొక మోసము కలదు. అంతయు క్షేమమైనను మౌనమే. బ్యాటరీ చచ్చినను మౌనమే. అందుచే నడుమనడుమ బ్రతికియున్నానని ఒక చిన్న పలుకు తప్పదు. నియమితకాలములో ఆ పలుకు వినరానిచో మోటారు తనంతట తాను ఆగిపోవునట్లు ఏర్పాటుండవలెను.

అవసరమునుబట్టి గొంతు పెంచుటకు గొప్ప నిదర్శనము అంతరిక్షమున జరిగినది. 1977 లో అమెరికావారు పంపిన వాయేజర్-2 నౌకకు 2023 జూలైలో అందిన ఆజ్ఞలవలన దాని ఆంటెన్నా భూమినుండి 2 డిగ్రీలు ప్రక్కకు తిరిగెను. నౌక అప్పటికి సుమారు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. మాటలు నిలిచిపోయెను. అప్పుడు ఆస్ట్రేలియాయందలి కాన్‌బెరా కేంద్రమునుండి, అనుకూలసమయము చూచి, మహాబలముతో ఒక కేక పంపిరి. ఆ కేక చేరుటకు పదునెనిమిదిన్నర గంటలు. ఫలితము తెలియుటకు మొత్తము 37 గంటలు. ఆగస్టు 4 న నౌక తిరిగి పలికెను. నిత్యమును కేకలు వేయుట అనవసరము. ఆనాడు కేక వేయకుండుట అనర్థము.

జమాఖర్చు తెలిసిన గృహస్థు నిత్యవ్యయమును అదుపున నుంచి, రోగము వచ్చిననాడు చేయి వెనుదీయడు. తీగలేని యంత్రములకును అదియే నీతి. ఇకమీదట అట్టి యంత్రమును కొనువారు ఎంతదూరము పనిచేయునని మాత్రమే అడిగి ఊరకుండరాదు. వార్త అందనినాడు ఏమి చేయునని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు సరియైన జవాబు లేని యంత్రమును పొలమున పెట్టరాదు. ఇట్టి ప్రశ్నలడుగు తెలివిని పల్లెప్రజలకు ప్రసాదించుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక!