నమూనా సర్వప్రతినిధి సభ



భారతకథ నెరిగిన తెలుగువారికి సంజయ రాయబారము క్రొత్త కాదు. పాండవులయందు ప్రేమ గలవాడైనను, ఉపప్లావ్యమున సంజయుడు వినిపించినది తన ప్రభువు మాటయే. తనది కాని మాటను నమ్మకముగా విన్నవించుటయే రాయబారి ధర్మము. ఈ కఠినమైన ధర్మమును నేడు మన పిల్లలు పాఠశాలలలోను కళాశాలలలోను అభ్యసించుచున్నారు. ఆ అభ్యాసమునకే నమూనా ఐక్యరాజ్యసమితి యని పేరు.

దీనికి మూలము 1920 దశకమున అమెరికా విశ్వవిద్యాలయములలో విద్యార్థులు జరిపిన నమూనా నానాజాతి సమితి సభలలో నున్నది. 1945లో ఐక్యరాజ్యసమితి యేర్పడిన పిదప ఈ అభ్యాసమును దాని పేరనే జరుపసాగిరి. ఇందులో ప్రధానమైనది సర్వప్రతినిధి సభ. అసలు సభ 1946 జనవరి 10న లండనులో 51 దేశములతో ప్రారంభమైనది. నేడు సభ్యదేశములు 193. మన విజయలక్ష్మీ పండిట్ 1953లో ఆ సభకు అధ్యక్షురాలైన తొలి మహిళ.

నమూనా సభ హాజరు పిలుపుతో ఆరంభమగును. దేశము పేరు పిలిచినపుడు విద్యార్థి ‘హాజరు’ అనవచ్చును, లేదా ‘హాజరై ఓటు చేయుదును’ అనవచ్చును. రెండవ మాట పలికినవాడు తుది తీర్మానముపై తటస్థుడుగా నుండరాదు. పిమ్మట వక్తల పట్టికననుసరించి ఒక్కొక్కరు నిర్ణీత కాలము మాటలాడుదురు. నడుమ నడుమ సభను నిలిపి ప్రతినిధులు గుంపులుగా కూడి సంప్రదించుకొందురు. నిజమైన పని జరుగునది వేదికపై కాదు, ఈ గుంపులలోనే. అచ్చట ముసాయిదా రూపొందును. దాని పీఠికలో కారణములును, తరువాతి భాగమున చేయదగిన కార్యములును వ్రాయుదురు. ముసాయిదాపై సంతకము చేసిన వారందరును దానిని సమర్థించినట్లు కాదు. చర్చకు రావలెనని కోరినట్లు మాత్రమే. పిదప సవరణలు, తుదకు ఓటు.

ఓటు లెక్కలో ఒక విశేషము గలదు. ముఖ్య విషయములకు, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావలెను. తటస్థులను ఈ లెక్కలో చేర్చరు. 193 దేశములలో 60 అనుకూలముగను, 40 ప్రతికూలముగను ఓటు చేసి, 93 తటస్థముగ నున్నచో, లెక్కకు వచ్చునవి 100 ఓట్లే. అందు 67 కావలెను గనుక తీర్మానము వీగిపోవును. సామాన్య విషయమైనచో ఆ 60 ఓట్లతోనే నెగ్గును. 140 కోట్లకు పైబడిన భారతదేశమునకును, పదిపన్నెండు వేల జనముగల నౌరు ద్వీపమునకును ఇచ్చట ఒక్కొక్క ఓటే. అయితే ఈ సభ తీర్మానములు సాధారణముగా సిఫార్సులే. బలవంతముగ అమలు జరిపించు ఆజ్ఞలు కావు. కనుకనే ఓట్లు కూర్చుటకంటె ఒప్పించుట ముఖ్యము.

ఇచ్చటనే ఈ అభ్యాసమునకు పరీక్ష యెదురగుచున్నది. వాతావరణ రక్షణను మనసార కోరు బాలికకు చమురు ఎగుమతి చేయు దేశము వంతు వచ్చినదనుకొందము. ఆమె ఆ దేశపు బొక్కసమును, అచ్చటి కూలీల బ్రతుకును, ప్రభుత్వపు భయమును తెలిసికొనక తప్పదు. ఎదుట మాల్దీవుల ప్రతినిధిగా కూర్చున్న బాలుడు, సముద్రము పెరిగినచో తన దేశము నిలుచుటెట్లని అడుగును. ఆమె తన స్వంత అభిప్రాయమును వదలుకొననక్కరలేదు. కాని దానికి అడ్డు నిలిచిన కారణమేదో ఇంటికి పోవునప్పటికి ఆమెకు తెలిసియుండును.

ఈ ఫలము చేజారు మార్గములును గలవు. బిగ్గరగా మాటలాడినవానికే బహుమతి యన్న భావము ప్రబలినచో, ధారాళమైన ఇంగ్లీషు గలవాడు గెలుచును. ఓపికగా ముసాయిదా కుదిర్చిన మితభాషి మరుగున పడును. అసలు సభలో అనేక తీర్మానములు దీర్ఘమైన సంప్రదింపుల పిదప ఓటు లేకయే ఆమోదము పొందుచున్నవి. రెండు మూడు దినములలో ముగియు నమూనా సభలో ఆ ఓపికకు చోటు తక్కువ. నిర్వాహకులును, తీర్పరులును ఈ లోపమును గుర్తింపవలసియున్నది.

తల్లిదండ్రులు చేయదగినదియు ఒకటి గలదు. సభనుండి మరలివచ్చిన బిడ్డను “బహుమతి వచ్చినదా?” అని అడుగుటకు ముందు, “ఎదుటి దేశము ఏమి కోరినది? ఎందుకు కోరినది?” అని అడుగవలెను. ఆ ప్రశ్నకు బిడ్డ తడుముకొనక సమాధానము చెప్పగలిగిననాడు, సభ ప్రయోజనము నెరవేరినట్లే.